చూపు ఒక్క బిట్, రోబోలు ఏడు: నాయకుడు లేని గుంపు ప్రాజెక్టు డైరీ

ఏడు చిన్న చక్రాల రోబోలు. ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. తామెక్కడున్నాయో వాటికి తెలియదు. పైనుంచి ఆదేశాలిచ్చేవాళ్లు లేరు. ఒక్కోదానికి ముందువైపు ఒకే సెన్సర్, అది చెప్పేది ఒక్క బిట్: ఎదురుగా ఇంకో రోబో ఉందా, లేదా. ఆ కాస్త సమాచారంతోనే ఏడూ ఒకచోట గుమిగూడాలి.

నియమం మెల్విన్ గౌచి బృందం 2014లో ప్రచురించినదే. వాళ్లు 40 ఈ-పక్ (పరిశోధనలో, చదువులో వాడే చిన్న చక్రాల రోబో) రోబోలతో దాన్ని చేసి చూపించారు. మొత్తం నియమం ఇంతే:

1. ఎదురుగా ఎవరూ లేకపోతే: ఎడమ చక్రం −0.7, కుడి చక్రం −1.0
2. ఎవరైనా కనిపిస్తే: ఎడమ చక్రం +1.0, కుడి చక్రం −1.0

1.0 అంటే మనం పెట్టుకున్న గరిష్ఠ వేగం, మైనస్ అంటే వెనక్కి. మొదటి స్థితిలో రోబో వెనక్కి నడుస్తూ పెద్ద వృత్తం గీస్తుంది. రెండో స్థితిలో ఉన్నచోటే కుడివైపు తిరుగుతుంది. రెండు స్థితుల్లోనూ ఒళ్లు తిరిగేది సవ్యదిశలోనే కాబట్టి చూపు ఎప్పుడూ చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. జ్ఞాపకం అక్కర్లేదు, లెక్కలు అక్కర్లేదు.

కోడ్‌లో ఇది రెండు లైన్లు. కష్టమంతా ఆ రెండు లైన్లు నమ్ముకున్న చక్రాలు, చూపు నిజంగా అలా ఉండేలా చేయడంలో ఉంది. ఇలాంటిది కట్టబోయేవాళ్లు మొదటి నుంచీ ఒక పద్ధతి పట్టుకోవాలి: గుంపులో వదిలేముందు ప్రతి రోబోనూ ఒంటరిగా కొలవాలి. నాయకుడు లేని వ్యవస్థలో చెడిపోయిన రోబోను ఎత్తిచూపేవాళ్లు ఉండరు. పైగా మిగతావి దాని లోపాన్ని కప్పేస్తాయి. ఎలాగో దశ 6లో ఉంది.

దశ 1: ఒళ్లు, చక్రాలు, మోటార్లు

ఒళ్లు 100 మి.మీ. వ్యాసం ఉన్న గుండ్రని పలక. చక్రాలు ఆ గుండ్రం లోపలే ఉండాలి, బయటికి పొడుచుకు రాకూడదు. గుంపులో రోబోలు ఒకదాన్నొకటి రాసుకుంటూ జారిపోవాలి. ఏ మూల బయటికి ఉన్నా పక్కదాని చక్రానికి తగులుకుని రెండూ ఆగిపోతాయి. చుట్టూ నున్నటి ప్లాస్టిక్ పట్టీ వేస్తే ఈ బాధ ఉండదు.

చక్రం వ్యాసం 32 మి.మీ., చుట్టుకొలత 100.5 మి.మీ. రెండు చక్రాల మధ్య దూరం 80 మి.మీ. బ్యాటరీని ఇరుసు మీదే పెట్టాలి. మూడో ఆధారంగా ఉండే బంతి క్యాస్టర్ మీద పెడితే బరువంతా అటు పోయి చక్రాలకు నేల మీద పట్టు చాలదు, తిరిగేటప్పుడు జారతాయి.

వృత్తం వ్యాసార్థం ఇలా వస్తుంది: చక్రాల దూరంలో సగాన్ని (40 మి.మీ.) రెండు వేగాల మొత్తంతో గుణించి, వాటి తేడాతో భాగించాలి. 40 × 1.7 ÷ 0.3 = 226.7 మి.మీ. అంటే వృత్తం వ్యాసం 453 మి.మీ.

తేడా చిన్న అంకె, అది కింద ఉంది. అందుకే మోటార్ల మధ్య చిన్న తేడా కూడా వ్యాసార్థాన్ని బాగా కదిలిస్తుంది:

- ఎడమ చక్రం 5% ఎక్కువైతే: 262 మి.మీ.
- ఎడమ చక్రం 5% తక్కువైతే: 199 మి.మీ.
- ఎడమ 5% ఎక్కువ, కుడి 5% తక్కువ: 313 మి.మీ.

ఒకే సంచిలోంచి తీసిన ఎన్20 గేర్ మోటార్ల మధ్య కూడా ఒకే పీడబ్ల్యూఎం (కరెంటును వేగంగా వేస్తూ తీస్తూ మోటారు వేగాన్ని మార్చే పద్ధతి) విలువకు ఇంత తేడా మామూలే. కాబట్టి ఎన్‌కోడర్ (చక్రం ఎంత తిరిగిందో లెక్కపెట్టే సెన్సర్) లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

మొదటి ఎంపిక 100:1 గేరు, అంటే మోటారు వంద చుట్లకు చక్రం ఒక చుట్టు. మోటారు ఇరుసు ఒక చుట్టుకు 12 లెక్కలు ఇచ్చే ఎన్‌కోడర్‌తో చక్రం ఒక చుట్టుకు 1200 లెక్కలు. సెకనుకు 60 మి.మీ. వేగంలో 20 మిల్లీసెకన్లకు (మి.సె.) వచ్చేది 14 లెక్కలే, 0.7 వేగంలో 10. ఒక్క లెక్క అటూఇటూ అయినా 7 నుంచి 10% తప్పు. పైగా అంత తక్కువ వేగంలో పీడబ్ల్యూఎం చాలా తక్కువగా ఉంటుంది, మోటారు ఆగి ఆగి కదులుతుంది.

మార్పు: 298:1 గేరు. ఇప్పుడు చక్రం ఒక చుట్టుకు సుమారు 3576 లెక్కలు, ఒక్కో లెక్కకు 0.028 మి.మీ. 20 మి.సె.కు 43 లెక్కలు, 0.7కు 30. ఇలా గుండ్రం చేస్తే నిష్పత్తి 0.698 అవుతుంది, వ్యాసార్థం 225 మి.మీ. ఆ తేడా పట్టించుకోనక్కర్లేదు.

గరిష్ఠ వేగం ఎంత పెట్టాలన్నది బ్యాటరీ చూసి తేల్చాలి. 6 వోల్ట్ల మోటారును ఒక్క లిథియం సెల్ మీద నడిపితే 298:1 గేరుతో బరువు లేకుండానే సెకనుకు దాదాపు 100 మి.మీ. వస్తుంది. 80 అని పెడితే, సెల్ దిగేకొద్దీ కుడి చక్రం ఆ వేగాన్ని అందుకోలేదు. ఎడమది మాత్రం 0.7 దగ్గర హాయిగా నడుస్తుంది. కుడిది 0.9కి పడిపోతే వ్యాసార్థం 320 మి.మీ.కు పెరుగుతుంది. 60 పెడితే సెల్ ఖాళీ అయ్యేదాకా నిష్పత్తి నిలుస్తుంది.

చక్రాన్ని వేగంతో కాక స్థానంతో వెంటాడించడం మేలు:

1. ప్రతి 20 మి.సె.కు లక్ష్యం లెక్కకు 43 లేదా 30 కలపాలి (దిశను బట్టి గుర్తు).
2. లక్ష్యం నుంచి ఎన్‌కోడర్ లెక్కను తీసేసి తేడా చూడాలి.
3. ఆ తేడాకు తగ్గట్టు పీడబ్ల్యూఎం పెంచాలి, తగ్గించాలి.
4. సెన్సర్ బిట్ మారిన క్షణంలో లక్ష్యాన్ని ఉన్న లెక్కకు సమానం చేయాలి. ఇది వదిలేస్తే పాత బాకీ తీర్చడానికి చక్రం ఒక్కసారి ఎగదన్నుతుంది.

చక్రాల మధ్య దూరం కాలిపర్‌తో కొలిస్తే చాలదు. టైరుకు వెడల్పు ఉంటుంది, నేలను ఎక్కడ తాకుతుందో తెలియదు. రోబోను ఉన్నచోటే 10 చుట్లు తిప్పి ఎన్‌కోడర్ దూరం చదవండి. 80 మి.మీ. నిజమైతే ఒక్కో చక్రం 2513 మి.మీ. నడవాలి. ఎక్కువ వస్తే అసలు దూరం ఎక్కువన్నమాట. కొలతలో వచ్చిన దాన్నే వాడాలి.

ఇప్పటివరకు లెక్క (ఏడు రోబోలకు): మోటార్లు 14, ఎన్‌కోడర్లు 14, చక్రాలు 14, క్యాస్టర్లు 7.

దశ 2: డ్రైవర్ మార్చాల్సి వచ్చింది

మొదట డీఆర్‌వీ8833, మోటార్లకు కరెంటు ఇచ్చే డ్రైవర్ చిప్. చిన్నది, ఒక్క సెల్ వోల్టేజీకి సరిపోతుంది. రోబోను నడిపే చిప్ ఏటీమెగా328పీలో మిగతా టైమర్లకు వేరే పనులున్నాయి, మోటార్లకు మిగిలింది టైమర్ 0 ఇచ్చే రెండు పీడబ్ల్యూఎం కాళ్లే (పిన్‌లు). అందుకని ఒక్కో మోటారుకు ఒక పీడబ్ల్యూఎం కాలు, ఒక దిశ కాలు.

ఇక్కడే చిక్కు. దిశ కాలు ఒకటిగా ఉన్నప్పుడు పీడబ్ల్యూఎం మోటారును నడపడానికీ బ్రేకుకూ మధ్య మారుస్తుంది. సున్నాగా ఉన్నప్పుడు నడపడానికీ, వదిలేయడానికీ మధ్య మారుస్తుంది. పీడబ్ల్యూఎం విలువ ఒకటే అయినా ముందుకు ఒక వేగం, వెనక్కి ఇంకో వేగం. మన నియమంలో కుడి చక్రం ఎప్పుడూ వెనక్కే, ఎడమది మాత్రం రెండు దిశల్లోనూ తిరుగుతుంది. దిశ మారిన ప్రతిసారీ నియంత్రణ కొత్తగా సర్దుకోవాల్సి వచ్చి ఎడమ చక్రం కొట్టుకుంటుంది.

మార్పు: టీబీ6612ఎఫ్‌ఎన్‌జీ. దీనికి దిశకు రెండు కాళ్లు, పీడబ్ల్యూఎంకు విడిగా ఒక కాలు. పీడబ్ల్యూఎం సున్నా అయినప్పుడు రెండు దిశల్లోనూ బ్రేకే పడుతుంది. కాళ్లు రెండు ఎక్కువ ఖర్చయినా వేగం రెండువైపులా ఒకేలా వస్తుంది. ఎస్‌టీబీవై (స్టాండ్‌బై) కాలును పైకి కట్టడం మర్చిపోతే బోర్డు మొత్తం చచ్చినట్టు ఉంటుంది, ముందు అదే చూడండి.

దశ 3: కరెంటు

బోర్డు 3.3 వోల్ట్ల, 8 మెగాహెర్ట్జ్ ఆర్డుయినో ప్రో మినీ. 16 మెగాహెర్ట్జ్ బోర్డును 3.3 వోల్ట్ల మీద నడిపితే చాలాసార్లు నడుస్తుంది. కానీ ఏటీమెగా328పీ డేటాషీట్ 10 మెగాహెర్ట్జ్ దాటితే ఎక్కువ వోల్టేజీ అడుగుతుంది. ఎప్పుడో ఒకసారి తప్పే బోర్డు ఏడింటిలో ఏదో కనిపెట్టడం మహా కష్టం. ఆ రిస్కు వద్దు.

లక్షణం: సెన్సర్ బిట్ 0 నుంచి 1కి మారినప్పుడు కొన్ని రోబోలు క్షణం ఆగి, మళ్లీ మొదటి నుంచి మొదలవుతాయి.

కారణం: ఆ క్షణంలో ఎడమ మోటారు −0.7 నుంచి +1కి తిరగబడుతుంది. తిరుగుతున్న మోటారుకు ఎదురు వోల్టేజీ ఇస్తే, మోటారు స్వయంగా పుట్టించే వోల్టేజీ కూడా దానికి తోడై, ఆగిన మోటారు తీసుకునే దానికన్నా ఎక్కువ కరెంటు లాగుతుంది. సెల్ వోల్టేజీ కుంగుతుంది, 3.3 వోల్ట్ల రెగ్యులేటర్ దానితోపాటే కుంగుతుంది, చిప్ బ్రౌన్-అవుట్ రీసెట్ (వోల్టేజీ చాలక మళ్లీ మొదలవడం) అవుతుంది.

చేసిన మార్పులు:

1. దిశ మారేటప్పుడు సున్నా మీదుగా 60 మి.సె. ర్యాంప్, అంటే ఒక్కసారిగా కాక మెల్లగా మార్చడం.
2. మోటారు లైను మీద 470 మైక్రోఫారడ్ కెపాసిటర్, డ్రైవర్ కాళ్లకు ఆనుకుని.
3. చిప్ లైనుకు షాట్కీ డయోడ్, దాని తర్వాత 100 మైక్రోఫారడ్. మోటారు లాగినప్పుడు చిప్ దగ్గరున్న చార్జి వెనక్కి పోదు.
4. బ్రౌన్-అవుట్ స్థాయి 2.7 వోల్ట్లు.
5. మొదలవగానే ఎంసీయూఎస్‌ఆర్ రిజిస్టర్ చదివి రీసెట్ కారణాన్ని లెక్కపెట్టడం. కొన్ని బూట్‌లోడర్లు (చిప్‌లో అన్నిటికన్నా ముందు నడిచే చిన్న ప్రోగ్రామ్‌లు) దాన్ని ముందే చెరిపేస్తాయి, మీ బోర్డుది చూసుకోండి.

ఐదోది చాలా విలువైనది. ఈ నియమానికి జ్ఞాపకం లేదు కాబట్టి రీసెట్ అయిన రోబో ఏమీ పోగొట్టుకోదు, లేచి మళ్లీ పనిలో పడుతుంది. బయటినుంచి చూస్తే కాస్త నెమ్మదిగా ఉందనిపిస్తుందంతే. లెక్క పెట్టకపోతే ఈ లోపం బయటపడదు.

ఎడమ మోటారు గేర్లు కుడిదానికన్నా ముందే అరుగుతాయి, కారణం అదే తిరగబాటు. విడి మోటార్లు కొనేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఇప్పటివరకు లెక్క (ఒక్క రోబోకు సగటు కరెంటు): చిప్ 5, ఎన్‌కోడర్లు 8, మోటార్లు 130, మొత్తం 143 మి.ఆంపియర్లు.

దశ 4: చూపు

ప్రతి రోబో చుట్టూ ఆరు ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలు, 940 నానోమీటర్లవి, 60 డిగ్రీలకొకటి. ఎల్‌ఈడీ సగం వెలుగు కోణం ±30 డిగ్రీలదే తీసుకోవాలి. అప్పుడు రెండు ఎల్‌ఈడీల నడుమ దిశలో రెండింటి సగం సగం కలిసి ఎదురుగా ఉన్నంత వెలుగే వస్తుంది. ఇంకా సన్నటి కోణం ఉన్నవి పెడితే నడుమ చీకటి చీలికలు మిగులుతాయి. అటునుంచి చూసేవాళ్లకు రోబో కనిపించదు.

ఎల్‌ఈడీలను రెండేసి చొప్పున వరుసలో కట్టొద్దు. ఒక్కోదానికి విడిగా 110 ఓమ్‌ల రెసిస్టర్, అన్నింటినీ కలిపి నడపడానికి ఒక 2ఎన్2222 ట్రాన్సిస్టర్. సెల్ 4.2 వోల్ట్ల దగ్గర 24 మి.ఆంపియర్లు, 3.5 దగ్గర 18. వరుసలో కడితే రెసిస్టర్ మీద మిగిలే వోల్టేజీ తక్కువ కాబట్టి సెల్ కాస్త దిగగానే వెలుగు సగానికి పడిపోతుంది.

ముందువైపు 38 కిలోహెర్ట్జ్ రిసీవర్, టీఎస్‌ఓపీ38238. దాని ముందు 6 మి.మీ. లోపలి వ్యాసం, 40 మి.మీ. పొడవున్న ఇత్తడి గొట్టం. జ్యామితి ప్రకారం ఇటు 8.5, అటు 8.5, మొత్తం 17 డిగ్రీల శంకువు.

ఈ గొట్టం దగ్గర మూడు జాగ్రత్తలు:

- నల్ల ప్లాస్టిక్ గొట్టం కంటికి నల్లగా ఉన్నా చాలా రకాలు ఇన్‌ఫ్రారెడ్‌ను దాటనిస్తాయి. రిసీవర్‌ను ఆ ప్లాస్టిక్‌తో పూర్తిగా కప్పి టీవీ రిమోట్ నొక్కండి. అవుట్‌పుట్ కదిలిందంటే పనికిరాదు.
- ఇత్తడి లోపల మెరుస్తుంది. వెలుగు గోడలకు తగిలి లోపలికి వస్తుంది, శంకువు వెడల్పవుతుంది. లోపల మసి కలిసిన మ్యాట్ నలుపు రంగు వేయాలి.
- రిసీవర్ వీపు, పక్కలు కూడా చూస్తాయి. పక్కనే నిలబడ్డ రోబో గొట్టంతో పనిలేకుండా కనిపిస్తుంది. అల్యూమినియం టేపు చుట్టాలి, కాళ్లకు తగలకుండా కింద ఇన్సులేషన్ వేసి.

మొదట ఎల్‌ఈడీలను ఆపకుండా 38 కిలోహెర్ట్జ్ మీద వెలిగించాం. కాసేపు పనిచేసి రిసీవర్ చెవిటిదైపోతుంది. ఈ రకం రిసీవర్ రిమోట్‌ల కోసం చేసింది. ఆగకుండా వచ్చే క్యారియర్‌ను (38 కిలోహెర్ట్జ్‌తో వెలిగి ఆరే ఆ వెలుగును) అది గదిలో గోలగా లెక్కగట్టి గెయిన్ (సున్నితత్వం) తగ్గించేస్తుంది. ఆగని వెలుగు కోసం టీఎస్‌ఎస్‌పీ4038 లాంటి అడ్డుతెర రిసీవర్లు ఉన్నాయి. కానీ అప్పుడు తన వెలుగు గోడకు తగిలి తిరిగొస్తే అది తనదో, పక్కవాడిదో తెలిసే దారి లేదు. అందుకని పల్స్‌లకు మారడమే సరైన పని.

పల్స్ పద్ధతి ఇలా స్థిరపడింది:

1. టైమర్ 2తో క్యారియర్. 8 మెగాహెర్ట్జ్ మీద ఓసీఆర్2ఏ (టైమర్ ఎంతవరకు లెక్కపెట్టాలో చెప్పే రిజిస్టర్) = 104 పెడితే 38,095 హెర్ట్జ్ వస్తుంది, చాలు.
2. పల్స్ పొడవు 600 మైక్రోసెకన్లు, అంటే క్యారియర్ దాదాపు 23 ఆవర్తనాలు (వెలిగి ఆరడాలు). రిసీవర్‌కు కనీసం 10 కావాలి.
3. పల్స్‌కూ పల్స్‌కూ మధ్య 6 నుంచి 10 మి.సె., యాదృచ్ఛికంగా.
4. తాను వెలిగిస్తున్నప్పుడూ, ఆ తర్వాత 1 మి.సె. సేపూ రిసీవర్ మాట వినకూడదు. మొత్తం 1.6 మి.సె. రెప్పపాటు. ఆ 1 మి.సె. ఎందుకంటే రిసీవర్ అవుట్‌పుట్ 7 నుంచి 15 ఆవర్తనాలు ఆలస్యంగా వస్తుంది, వెడల్పు కూడా 6 ఆవర్తనాల దాకా సాగొచ్చు.
5. రిసీవర్‌ను టైమర్ 1 ఇన్‌పుట్ క్యాప్చర్ కాలుకే (పల్స్ మారిన క్షణాన్ని హార్డ్‌వేరే రాసుకునేది) కట్టాలి. ఎన్‌కోడర్లు సెకనుకు 4000కు పైగా ఇంటరప్ట్‌లు (చిప్ చేస్తున్న పనిని ఆపే పిలుపులు) ఇస్తాయి. పల్స్ వెడల్పును సాఫ్ట్‌వేర్‌తో కొలిస్తే అవి నడుమ దూరి కొలతను చెడగొడతాయి.
6. 40 మి.సె. కిటికీలో ఒక్క సరైన పల్స్ వచ్చినా బిట్ 1, లేకపోతే 0.

కిటికీ ఎందుకు 40? ఎదుట రోబో ఉంటే అంతలో కనీసం 4 పల్స్‌లు పంపుతుంది. వాటిలో ఒకటి మన రెప్పపాటులో పడే అవకాశం సుమారు 27%. నాలుగూ అందులోనే పడేది 0.5% మాత్రమే. రెండు పల్స్‌లు కావాలని పట్టుబడితే తప్పిపోయేది 6%కు పెరుగుతుంది. 40 మి.సె.లో రోబో 3.4 డిగ్రీలు తిరుగుతుంది, శంకువుతో పోలిస్తే తక్కువే. కిటికీని 200 మి.సె. చేస్తే 17 డిగ్రీలు తిరిగిపోతుంది, అంటే శంకువు మొత్తం దాటేస్తుంది.

పల్స్‌ల వల్ల ఇంకో లాభం: ఆరు ఎల్‌ఈడీలు కలిపి సగటున తీసుకునేది 4.5 మి.ఆంపియర్లే.

ఇప్పటివరకు లెక్క: ఎల్‌ఈడీలు 42, రిసీవర్లు 7, ఇత్తడి గొట్టాలు 7. ఒక్క రోబోకు కరెంటు 143 + 4.5 + రిసీవర్ 0.5 = 148 మి.ఆంపియర్లు. 2000 మి.ఆంపియర్-గంటల సెల్‌లో 80% వాడుకుంటే పది గంటలకు పైగా.

దశ 5: ఇద్దరిలో బాగుండి ఏడుగురిలో చెడేవి

రెండు రోబోలతో పరీక్షించినప్పుడు పైన చెప్పినదంతా సవ్యంగా నడుస్తుంది. ఏడింటితో రెండు లోపాలు పైకి వస్తాయి. రెండూ సంఖ్య పెరిగితే తప్ప కనిపించనివే.

*గుంపు చిక్కబడితే చూపు పోవడం.* గదిలోని ట్యూబ్‌లైట్ల గోలను వడగట్టడానికి పల్స్ వెడల్పుకు హద్దులు పెట్టాం. 600 మైక్రోసెకన్ల పల్స్ రిసీవర్ నుంచి 468 నుంచి 758 దాకా ఎంతగానైనా రావచ్చు. కాబట్టి 450 నుంచి 780 మధ్య ఉన్నవే ఒప్పుకోవాలి. ఇద్దరి మధ్య ఇది భేషుగ్గా ఉంది.

గుంపులో ఏమవుతుందంటే, ఒకే శంకువులో ముగ్గురు నలుగురు ఉంటారు. వాళ్ల పల్స్‌లు ఒకదానిమీద ఒకటి పడి 900, 1100, 1300 మైక్రోసెకన్ల పల్స్‌గా కలిసిపోతాయి. వడపోత వాటిని పారేస్తుంది, బిట్ 0 అవుతుంది. ఎదురుగా అందరూ ఉన్నప్పుడే రోబో ఎవరూ లేరనుకుని వెనక్కి బయల్దేరుతుంది. లక్షణం చాలా తప్పుదారి పట్టిస్తుంది: గుంపు కూడుతుంది, అంచులు విడిపోతాయి, మళ్లీ కూడుతుంది. వేగాల నిష్పత్తి సరిగా లేదేమోననిపించి 0.7ను కదిలించాలని చేతులు లాగుతాయి. కదిలించొద్దు. ఓసిలోస్కోప్‌ను గుంపు మధ్యలో ఉన్న రోబో రిసీవర్‌కు తగిలించి చూస్తే పల్స్‌ల పొడవు కళ్లెదుటే ఉంటుంది.

మార్పు: కింది హద్దు 450 అలాగే ఉంచి, పై హద్దును 5 మి.సె.కు పెంచాలి. అంతకన్నా పొడవైనది గోలే. మనకు కావాల్సింది ఎవరో ఒకరు ఉన్నారన్న కబురు మాత్రమే, ఎవరన్నది కాదు. కాబట్టి పల్స్‌లు గుద్దుకోవడం వల్ల నష్టం లేదు.

*అందరూ ఒకేసారి రెప్ప వేయడం.* ఏడింటినీ ఒక్క రిమోట్ మీటతో మొదలుపెట్టినప్పుడు తొలి కొన్ని సెకన్లు ఎవరికీ ఎవరూ కనిపించరు, ఎదురెదురుగా నిలబెట్టినా సరే. కారణం, యాదృచ్ఛిక సంఖ్యల విత్తనం (ఆ సంఖ్యల వరుస మొదలయ్యే విలువ) అన్నింటిలోనూ ఒకటే. ఒకే కోడ్, ఒకే విత్తనం, ఒకే ప్రారంభ క్షణం. అందరూ ఒకే క్షణంలో వెలిగిస్తారు, అదే క్షణంలో వినడం మానేస్తారు. అచ్చంగా ఒకేలా ఉన్న రోబోలు ఒకే కోడ్‌తో ఒకే స్థితిలో మొదలైతే తమంతట తాము వేరుపడలేవని సిద్ధాంతం చెప్పేది ఇదే, బల్లమీద ఇలా కనిపిస్తుంది.

కొంతసేపటికి తగ్గిపోవడానికి కారణం గడియారాల తేడా. రెండు బోర్డుల గడియారాల్లో 0.1% తేడా ఉంటే 1.6 మి.సె. రెప్పపాటు దాటడానికి 1.6 సెకన్లు పడుతుంది. మంచి క్వార్ట్జ్ ఉండి 60 పీపీఎం (పది లక్షలకు 60) తేడాయే ఉంటే 27 సెకన్లు. గడియారం ఎంత మంచిదైతే ఈ లోపం అంతసేపు ఉంటుంది.

మార్పు: ఈఈప్రామ్‌లో (కరెంటు పోయినా చెరగని జ్ఞాపకంలో) ఒక్కో రోబోకు ఒక్కో విత్తనం. గాలిలో వదిలేసిన అనలాగ్ కాలు చదివి విత్తనం చేసుకోవడం చాలామంది చేసే పని, కానీ కొన్ని బోర్డుల్లో అది ప్రతిసారీ ఒకటి రెండు విలువలే ఇస్తుంది. ఈ సంఖ్య పల్స్‌ల సమయానికే వాడాలి. నడక నియమం దాన్ని చూడకూడదు, చూస్తే రోబోలకు పేర్లు పెట్టినట్టే.

దశ 6: ఒంటరి పరీక్షలు

ప్రతి రోబో ఇవి దాటాకే గుంపులోకి:

1. గొట్టానికి మూత పెట్టి వదలాలి. వృత్తం వ్యాసం 453 మి.మీ.కు 20 అటూఇటూ ఉండాలి. అంటే చక్రాల నిష్పత్తి 0.7కు దాదాపు 0.01 లోపు ఉందని అర్థం. ఒక చుట్టుకు 28 సెకన్లు.
2. బిట్‌ను బలవంతంగా 1 చేసి 10 చుట్లు తిప్పాలి. నడిమి బిందువు 15 మి.మీ. మించి జరగకూడదు.
3. కోణమానిని మీద పెట్టి, ఇంకో రోబోను 300, 600, 1000 మి.మీ. దూరాల్లో ఉంచి, బిట్ వెలిగే, ఆరే కోణాలు రాసుకోవాలి. మూడింట్లోనూ వెడల్పు 12 నుంచి 22 డిగ్రీల మధ్య ఉండాలి. దగ్గరలో మాత్రమే వెడల్పుగా ఉంటే వీపు టేపు కారుతోంది.
4. ఇన్‌ఫ్రారెడ్ కనిపించే కెమెరాతో ఆరు ఎల్‌ఈడీలూ వెలుగుతున్నాయో లేదో చూడాలి.
5. ఎవరూ లేని చోట అయిదు నిమిషాలు వదిలి, బిట్ 1గా ఉన్న సమయం చదవాలి. సున్నా రావాలి.

ఇవి ఎందుకంటే, గుంపులో ఈ లోపాలు ఇలా దాక్కుంటాయి:

బిట్ 1 దగ్గర ఇరుక్కున్న రోబో ఉన్నచోటే తిరుగుతూ ఉంటుంది. మిగతా ఆరూ దాన్ని చూసి దాని చుట్టూ చేరతాయి. కెమెరా లెక్కలో అన్నీ సవ్యం. అది మాత్రం నియమాన్ని ఒక్క క్షణం కూడా పాటించలేదు.

బిట్ 0 దగ్గర ఇరుక్కున్నది వృత్తాలు గీస్తూ గుంపును ఢీకొంటుంది, గుంపును మెల్లగా నెడుతుంది. నేల వాలుగా ఉందేమో అనిపిస్తుంది.

ఎల్‌ఈడీలు ఆరిపోయినది అందరినీ చూస్తుంది, ఎవరికీ కనిపించదు. తానే వెళ్లి గుంపులో చేరుతుంది కాబట్టి ఎవరూ గమనించరు. అలాంటివి రెండు మూడయితేనే గుంపు ఆలస్యమవుతుంది.

అందుకే ప్రతి పరుగు చివర ప్రతి రోబో నుంచీ రెండు అంకెలు చదవాలి: బిట్ 1గా ఉన్న సమయం శాతం, రీసెట్‌ల సంఖ్య. నడుస్తున్నప్పుడు ఇవి ర్యామ్‌లో ఉండాలి. రీసెట్‌కు చెరిగిపోకుండా ఆ చోటును కంపైలర్‌తో వదిలేయించాలి. ఆపినప్పుడు ఒక్కసారి ఈఈప్రామ్‌లో రాయాలి, ఎందుకంటే దానికి లక్ష రాతల హామీయే ఉంది. 100 లేదా 0 శాతం వచ్చిన రోబోను పక్కనపెట్టి, ఆ పరుగును లెక్కలోంచి తీసేయాలి.

ఇప్పటివరకు లెక్క: ఫర్మ్‌వేర్ 6 కిలోబైట్లకు కాస్త పైన, ర్యామ్ 300 బైట్ల చుట్టూ. చిప్‌లో ఉన్నవి 32 కిలోబైట్లు, 2 కిలోబైట్లు.

దశ 7: మైదానం, కొలత

గోడలు ఇన్‌ఫ్రారెడ్‌ను తిప్పికొట్టకూడదు. ఒక రోబో పల్స్ గోడకు తగిలి ఇంకో రోబోకు చేరితే దానికి గోడలో రోబో కనిపిస్తుంది, రెప్పపాటు దీన్ని ఆపలేదు. నల్ల గుడ్డ కడితే చాలనుకోవద్దు: చాలా నల్ల గుడ్డలు ఇన్‌ఫ్రారెడ్‌లో తెల్లగా మెరుస్తాయి. గుడ్డను కెమెరా ముందు పెట్టి ఎల్‌ఈడీ వెలుగులో చూసి ఎంచుకోండి. మసి ఉన్న మ్యాట్ రంగు నమ్మదగ్గది. నేల కూడా నిగనిగలాడకూడదు.

పైన కెమెరా, ప్రతి రోబో నెత్తిన 40 మి.మీ. ఆర్యూకో గుర్తు (కెమెరా ప్రోగ్రామ్ గుర్తుపట్టే నలుపు-తెలుపు చతురస్రం), 4×4 రకం. లెన్స్ వంపును ముందే సరిదిద్దాలి, లేకపోతే అంచుల్లో ఉన్న రోబోల మధ్య దూరం తప్పుగా వస్తుంది.

రెండు కొలతలు చాలు:

- రెండు రోబోల కేంద్రాల మధ్య 200 మి.మీ. కన్నా తక్కువ ఉంటే, అంటే వాటి మధ్య మూడోది పట్టకపోతే, అవి కలిసినట్టు. ఇలా కలిసిన అతిపెద్ద గుంపులో ఎన్ని ఉన్నాయి?
- అందరి సగటు స్థానం నుంచి ఒక్కోదాని దూరం వర్గాల మొత్తం. ఏడు గుండ్రాలను ఎంత దగ్గరగా పేర్చినా నడిమి ఒకటి, చుట్టూ ఆరు, ఒక్కోటి 10 సెం.మీ. దూరంలో: 6 × 100 = 600 చ.సెం.మీ. ఇంతకన్నా తగ్గదు. ఏడు రోబోలను ఎంచుకోవడానికి కారణం కూడా ఇదే, అడుగు హద్దు నోటితో లెక్కకు వస్తుంది.

ఒక బిందువు దగ్గర కలవడం అనే లక్ష్యం ఎందుకు పెట్టుకోలేదంటే, అది ఈ తరహా రోబోల నుంచి ఆశించదగ్గది కాదు. పరిశోధకులు సుజుకి, యమషిత 1999లో ప్రచురించిన పనిలో, జ్ఞాపకం, పేర్లు, ఉమ్మడి దిక్కులు లేని రెండు రోబోలు కొన్నిసార్లు ఒక్కటే, కొన్నిసార్లు రెండూ మేల్కొనే పరిస్థితిలో కచ్చితంగా ఒక బిందువులో కలుస్తాయని హామీ ఇచ్చే పద్ధతి ఏదీ ఉండదని చూపించారు. ఎంతకైనా దగ్గరవగలవు. పైగా అవి బిందువుల లాంటి రోబోలు, మనవి 100 మి.మీ. వెడల్పు. దగ్గరవడాన్ని కొలవడమే సరి.

ఈ నియమానికి ముగింపు ఉండదన్నది కూడా గుర్తుంచుకోవాలి. గుంపు కూడిందని ఏ రోబోకూ తెలియదు. చేరాక కూడా అవి కదులుతూనే ఉంటాయి, ఎడమ మోటార్లు తిరగబడుతూనే ఉంటాయి. ఏడూ ఒకే గుంపులో 60 సెకన్లు నిలిస్తే కెమెరా ప్రోగ్రామ్ పరుగును ఆపుతుంది. రోబోలను ఆపే అధికారం దానికి అంతవరకే, నడక మీద లేదు.

దశ 8: మిగిలిన పని

చూపు దూరం ఇప్పుడు ఒక మీటరుకు కాస్త పైన. ఆ దూరంలో ఎవరూ లేని రోబో అదే 453 మి.మీ. వృత్తాన్ని ఎప్పటికీ గీస్తూ ఉంటుంది, కొత్త చోటు వెతకదు. నియమం వెనకున్న నిరూపణ పొడవైన చూపునే నమ్ముకుంది, కాబట్టి ఇది నియమం తప్పు కాదు.

రెండు దారులున్నాయి. ఒకటి, 56 సెకన్లు, అంటే రెండు పూర్తి చుట్లు, ఎవరూ కనిపించకపోతే 300 మి.మీ. నేరుగా జరగడం. పనిచేస్తుంది, కానీ ఒక లెక్కింపు కావాలి, అంటే రోబోకు జ్ఞాపకం ఇచ్చినట్టు. రెండోది, వెలుగు పెంచడం. ముందు ఇదే:

1. ఎల్‌ఈడీ రెసిస్టర్లు 110 ఓమ్‌ల నుంచి 68కి. ఒక్కోదానికి 32 మి.ఆంపియర్లు, ఆరింటికి 194. 2ఎన్2222కు ఇది భారం కాదు.
2. సగటు కరెంటు 4.5 నుంచి 7.3కి. రోబో మొత్తం 151 మి.ఆంపియర్లు.
3. దశ 6లో మూడో పరీక్ష మళ్లీ ఏడింటికీ, ఈసారి 1500 మి.మీ. దూరం కూడా చేర్చి. వెలుగు పెరిగితే గొట్టం పక్కల నుంచి కారేది కూడా పెరుగుతుంది, 300 మి.మీ. దగ్గర వెడల్పు 22 డిగ్రీలు దాటితే టేపు మళ్లీ వేయాలి.
4. ఐదో పరీక్ష మళ్లీ, ఈసారి పక్కన ఇంకో రోబోను గొట్టానికి కనిపించని చోట నిలబెట్టి. నేల మీదా గోడ మీదా పడి వచ్చే వెలుగు ఇప్పుడు హద్దు దాటుతుందేమో ఇందులోనే తెలుస్తుంది.